ముత్యం దొంగఫొటోలు

సూరత్‌లోని ఖటోదరాలో మరమగ్గాలు నడిపే ముత్యానికి, అతనుండే ఉన్ పేటలోని తెలుగు గల్లీ పెట్టిన పేరు దొంగఫొటోల ముత్యం. పెళ్ళికో పురుటికో పిలిస్తే పాత డిజిటల్ కెమెరా చంకన పెట్టుకుని వెళ్ళేవాడు. జనాన్ని వరసగా నిలబెట్టి నవ్వమనడమంటే అతనికి ఒళ్ళుమంట. ఫ్లాష్ ఆపేసి, చప్పుడు కూడా ఆపేసి, ఓ మూల నక్కి, మనిషి ఒళ్ళు మరిచిన క్షణంలో నొక్కేవాడు. "ఫ్లాష్ పడ్డదంటే మనిషి కొయ్యబొమ్మయితడు" అనేవాడు. మనుషుల్ని తనలాగా చూసేవాడు సూరత్‌లోనే లేడని కాస్త పొగరు కూడా ఉండేది, ఎందుకు దాచాలి?

కరోనా రెండో విడతలో భార్య భూదేవిని ఆస్పత్రిలో ఆక్సిజన్ మీద పెట్టారు. లోపలికి రానివ్వలేదు. గేటు బయట కూర్చుని ఆమె ఫొటో చూసుకుందామని వెతికితే, ఒక్కటీ లేదు. కెమెరా ఎత్తితే చాలు, ఆమె మూతి బిగించుకునేది, అతనూ వదిలేసేవాడు. గల్లీ అంతటికీ ఫొటోలు తీసినవాడికి పెళ్ళాం ఫొటో లేదు. దీపం కింద చీకటంటే ఇదే. ముత్యం సిగ్గుతో, భయంతో వెక్కివెక్కి ఏడ్చాడు. బతికొస్తే ఒక్క మంచి ఫొటో తీసుకుంటానని మొక్కుకున్నాడు.

భూదేవి బతికొచ్చింది. ఇంతలో మిల్లు తెరిచారు, రాత్రి పాళీ పడింది, పగలంతా నిద్ర. మొక్కు వానాకాలం దాకా అలాగే ఉండిపోయింది.

ఒక ముసురు మధ్యాహ్నం అతనికి మెలకువ వచ్చింది. భూదేవి గుమ్మం దగ్గర కూర్చుని చీర అంచుకు మెరుపురాళ్ళు అతికిస్తోంది. కూతురు సంధ్య పక్కనే కూర్చుని రాళ్ళు ఒక్కొక్కటే అందిస్తోంది. భూదేవి ఏదో కూనిరాగం తీస్తోంది. ఇంత చక్కటి మొహం మళ్ళీ దొరకదనుకున్నాడు ముత్యం. మొక్కు గుర్తొచ్చి పొద్దున చార్జింగ్ పెట్టి పక్కనే ఉంచుకున్న కెమెరాను, నిద్ర నటిస్తూ దుప్పట్లోంచి బయటికి పెట్టి నొక్కాడు.

గదంతా భగ్గున వెలిగింది. ఇన్నాళ్ళు మూలపడి బ్యాటరీ చచ్చిన కెమెరా, చార్జింగ్ పెట్టాక ఫ్లాష్‌ను తనంతట తానే ఆటోలోకి మార్చుకుంది. సంధ్య ఉలిక్కిపడి లేచింది. ముత్యం తిట్లకు సిద్ధపడి నాలిక కరుచుకున్నాడు.

భూదేవి ఇంకో రాయి కోసం చెయ్యి చాపింది.

నాటకమాడుతోందనుకున్నాడు. పాకుతూ వెళ్ళి, ఆమె మొహానికి ఎదురుగా పెట్టి మళ్ళీ నొక్కాడు. అంత వెలుగు పడినా విప్పారిన కళ్ళు రెప్ప వేయలేదు. కెమెరా జారి చాప మీద పడింది.

"భూదేవీ... గింత ఎలుగు కండ్ల పడలేదానే?"

"ఏం ఎలుగు?" అంది ఆమె, అతని చెవి పక్కకు చూస్తూ.

సంధ్య ఏడుపు అందుకుంది. "అమ్మ ఒట్టేయించుకుంది నాయినా. షుగర్ కండ్లకెక్కింది. మొదలు మసక మసకగుండె, ఇప్పుడేం కనవడ్తలేదు. నీకు తెలిస్తే ఊరికి తోలిస్తవని దాచింది."

వంట దగ్గర, రాళ్ళ దగ్గర, నీళ్ళ దగ్గర కూతురే ఎందుకు ఉంటోందో అప్పుడర్థమైంది. ఒకే గది. ఆమె పెట్టిన కూడు తిని, ఆమె పక్కనే పడుకున్నాడు.

ముత్యం చాప మీది కెమెరాను పక్కకు నెట్టాడు. "గిన్ని దినాలు నాకెట్ల తెల్వకపాయెనే?"

భూదేవి చీరను మెల్లగా మడత పెట్టింది. ఆమె గొంతులో కోపం లేదు.

"ఎట్ల తెలుస్తదయ్యా? ఫొటో కావాలె గనక ఇయ్యాల నా మొకం చూసినవు. గంతకుముందు ఎన్నడు చూసినవు?"