చిన్ననక్క బిందె

పొద్దున్నుంచి నా గిలాస దొరకట్లేదు. ఎదురుచూసీ ఎదురుచూసీ మా కోడలు ఇంకో గిలాసలో చాయ్ పోసి చేతిలో పెట్టింది. "ఏదైతేంది మామా, చాయ్ గదే గదా!" అంది. అదెలా అదే అవుతుంది? నా గిలాస అంచు పెదవికి తగిలితే గానీ నాకు తెల్లారదు. డిగ్రీ చదివిన పిల్ల, ఇంత చిన్న సంగతి తెలియదు...

మా చిన్నప్పుడు... బోధన్ బజారులో గిన్నెలూ బిందెలూ అమ్మే బోళ్ల దుకాణం అరుగు మీద ఒకటే టక్‌టక్, టక్‌టక్. చెరుకు బండ్లు లేపిన దుమ్ములో ఒకాయన ఒళ్లో బిందె పెట్టుకుని, చిన్న ఉలితో చుక్కలు చుక్కలుగా పేర్లు కొడుతుండేవాడు. మొరాదాబాద్ నుంచి వచ్చాడట. అందరం "పేర్ల భాయ్" అనేవాళ్లం. ఆయన చేతిలో పడని బోలు మా ఊళ్లో లేదు. చుట్టాలింటికి కూర పోసి పంపిన గిన్నె కూడా పేరు చూసుకుని తిరిగి ఇంటికొచ్చేది. పేరు లేకపోతే వస్తుందా... మన చుట్టాల సంగతి మీకు తెలియదా!

తమాషా ఏంటంటే, పేర్ల భాయ్‌కి తెలుగు చదవడం రాదు! అవ్వ, అయ్య, అక్క... పేర్ల చివర వచ్చే ఈ ముక్కలను బొమ్మల్లా నేర్చుకున్నాడు. అవి వస్తే సగం బోధన్ వచ్చేసినట్టే. మిగతాది చెవితో విని అతికించేవాడు.

మనిషి మాత్రం వెన్న. ఏ పిల్లాడు సొట్టగిన్నె తెచ్చినా దాని మీద ఊరికే చిలుకను కొట్టిచ్చేవాడు. నా గిన్నె మీది చిలుక అచ్చం కోడిలా ఉండేది. ఆ మాట ఆయనతో అనలేదు... సరిచేస్తానని ఇంకో కోడిని కొడతాడేమోనని భయం.

మా మేనత్త పెళ్లి కుదిరింది. ఆమె పేరే చిన్నక్క. ఎడపల్లి సంబంధం. పెళ్లి బోళ్లన్నీ పేర్ల భాయ్‌కి ఇచ్చాం. రేపు పెళ్లనగా గంపలో మోసుకొచ్చి వాకిట్లో దించి వెళ్లాడు. ఇంట్లో కొత్తగా అక్షరాలు నేర్చిన పండితుణ్ని నేనే. బిందె ముందు కూర్చుని గొంతెత్తి చదివాను.

"చి... న్న... న... క్క. చిన్న నక్క!"

పాపం, భాయ్ తప్పేం లేదు. "చిన్న" ఆయనకు వచ్చు. మేం "చిన్నక్క" అంటే ఆయన చెవికి "చిన్-నక్క" అని వినబడింది. చిన్న పక్కన నక్కను అతికించాడు. బిందె మీద నక్క, సర్వ మీద నక్క, చెంబు మీద నక్క, అన్నం తినే తలెల మీదంతా నక్కలే...

నేను నేల మీద పడి దొర్లాను. మా అవ్వ నా వీపు మీద ఒక్కటిచ్చింది. అత్త మాత్రం బిందెను పట్టుకుని ఏడుపు.

"నేను పోనే అవ్వా! గీ బోళ్లతోని అత్తగారింట్ల అడుగువెడితే, సచ్చేదాంక నన్ను నక్క అనే అంటరు!"

మా బాపు పరుగున పోయి పేర్ల భాయ్‌ని పట్టుకొచ్చాడు. "గిదేం పనయ్యా భాయ్? ఆడివిల్లను అడివి జంతువును జేస్తివి!"

భాయ్‌కి సంగతి అర్థమయ్యేసరికి ముఖం పాలిపోయింది. కొట్టిన చుక్క చెరిగేది కాదు. కొత్తవి కొనే తాహతు మాకు లేదు. బిందెను అటు తిప్పాడు, ఇటు తిప్పాడు. చివరికి అత్త ముందు మోకాళ్ల మీద కూర్చున్నాడు.

"రోనా నై అక్కా. తప్పు నాది. నక్క పోతది... పువ్వు ఒస్తది."

అదనంగా పడ్డ "న" పొట్ట గుండ్రంగా ఉంటుంది కదా... దాని చుట్టూ రేకులు కొట్టాడు. టక్‌టక్ టక్‌టక్. "న" కాస్తా పువ్వయింది! చిన్న... మధ్యలో పువ్వు... క్క. అన్నం పెడతామన్నా లేవకుండా పొద్దుగూకేలోగా నక్కలన్నిటినీ పువ్వులు చేసి, అప్పుడు మంచినీళ్లు తాగాడు.

ఎడపల్లిలో అత్త పరువు నిలబడటం కాదు, పెరిగింది. ఆ ఊరి ఆడవాళ్లంతా బోధన్‌కు వచ్చి, "భాయ్, నా పేరు నడుమ గూడ పువ్వు గొట్టు" అని ఒకటే పోరు!

తర్వాత ఒక వానకాలం... ముసురు ఆగలేదు. భాయ్ ఉండే గది మట్టిగోడ ఒరిగింది. ఆయన బయటికి వచ్చేశాడు. వచ్చినవాడు మళ్లీ లోపలికి పోయాడు. "ఏయ్ భాయ్! పోతే పోనియ్ తియ్యి, రా!" అని పక్కింటాయన అరిచాడట. "షాదీ బోళ్లున్నయ్ అన్నా..." అన్నాడట. అంతే. గోడ కూలింది.

మట్టి తవ్వితే బోళ్లన్నీ దొరికాయి. పేర్లు చూసి ఎవరివి వాళ్ల ఇళ్లకు చేర్చారు. ఖబరస్తాన్‌లో మస్జిదు పెద్దమనిషి భాయ్ అసలు పేరు చెప్పాడట. పొడుగు పేరు... మా బాపు ఇంటికొచ్చేలోపే మరిచిపోయాడు. మా అందరి పేర్లూ ఆయన తప్పో ఒప్పో రాసిపెట్టాడు. మేం ఆయన పేరును తప్పుగా కూడా గుర్తుపెట్టుకోలేదు.

ఇప్పుడు నిజామాబాద్‌లో పేర్లు మిషన్ కొడుతుంది. నక్క రాదు... పువ్వూ రాదు. మా అత్త మాత్రం ఇప్పటికీ ఆ బిందెను ఎవరినీ ముట్టుకోనివ్వదు. మీ అటకల మీద పాత బోళ్లుంటే దించి చూడండి. పేరు మధ్యలో పువ్వు కనబడితే ఒక ఫొటో పెట్టండి, కళ్లారా చూసుకుంటాను.

కోడలా, నువ్వు ఇది చదువుతావని తెలుసు... అందుకే ఎదురుగా చెప్పే ధైర్యం లేక ఇక్కడ చెబుతున్నా. మొన్న నువ్వు బజారుకు పోయినప్పుడు, గుర్తుకోసం నా గిలాస మీద మేకుతో ఒక పువ్వు కొట్టాను. బాగా కుదిరింది. చేయి ఆగలేదు... ఇంట్లో గిలాసలన్నిటికీ కొట్టేశాను. ఇప్పుడు నాదేదో నాకే తెలియట్లేదు. గిలాసలు అమ్మిన దుకాణమాయనతో నువ్వు కొట్లాడింది, ఆ మచ్చ పోవాలని పీచు అరిగేదాకా తోముతున్నది దాని గురించే.

అది బొద్దింక కాదు తల్లీ... పువ్వు.