నాలుగు గాట్ల ఫ్లూ మందు

ముందే ఒప్పుకుంటున్నాను, ఉన్నదాన్ని ఉన్నట్టు చెప్పడం నాకు చేతకాదు. పిల్లిని చూస్తే పులి అంటాను (మా ఇంటావిడ లెక్కలో ఆ పిల్లి కూడా ఉండదు). కాబట్టి ప్రతి మాటలోనూ సగం తీసేసి చదువుకోండి. ఆ రోజుల్లో బోధన్‌లో టైం చెప్పేది గడియారం కాదు, చక్కెర ఫ్యాక్టరీ సైరన్. అది మోగితేనే పొయ్యి వెలిగేది, సద్ది గిన్నె మూట కట్టేది. మా వాడకట్టులో కోళ్లు కూడా సైరన్ విన్నాకే కూసేవి.

నేనప్పుడు ఇరవై ఏళ్లవాణ్ని. కోటగిరి నుంచి వచ్చి ఒక డాక్టర్ సాబ్ దవాఖానలో కంపౌండర్ చేతి కింద చేరాను. ఆ ఏడు ఫ్లూ ఎలా వచ్చిందంటే, ఊరంతా ఒక్కసారి తుమ్మితే మంజీర నది ఎదురు పారింది. మూడోనాటికి కంపౌండరే మంచం పట్టాడు. డాక్టర్ సాబ్ నన్ను పిలిచి, "దేఖో, నాలుగు రోజులు నువ్వే నడపాలె. గలతీ కాలేదా, నౌకరి పక్కా. అయ్యిందా, కోటగిరి బస్సెక్కి మీ బాపుతోని చెరుకు నరుకు" అన్నాడు. చెరుకు ఆకు ఎలా కోస్తుందో తెలిసినవాణ్ని కనుక ఒళ్లంతా హుషారు కమ్మింది.

మందు ఒకటే, చేదు మిక్స్చర్. సీసా మీద గాట్లు కోసిన కాగితం అంటిస్తాం. పూటకు ఒక గాటు దిగేదాకా తాగాలి. జ్వరం ఉన్నవాళ్లకు నాలుగు గాట్లు. రాకుండా ముందుగానే తాగేవాళ్లకు ఎనిమిది, అంటే మోతాదు సగం. (అది నిజంగా ఫ్లూను ఆపేదా అని అడక్కండి; ఆ చేదుకు జడిసి జ్వరమే దగ్గరికి రాదని మా నమ్మకం.) కాగితాలు దొంతర పెట్టి, రెండు మడతలు వేసి, కత్తెర ఆడించాను. పొద్దు గూకేసరికి మూడు వందల సీసాలు పంచేశాను (మీరు ముప్పై అనుకోండి). ఎనిమిది గాట్లకు ఇంకో మడత వెయ్యాలన్న సంగతి ఆ హుషారులో ఎగిరిపోయింది!

మర్నాడు మధ్యాహ్నం బీడీలు చుట్టే అవ్వ వచ్చింది. జ్వరం లేని మనిషి, ముందుజాగ్రత్తకు తాగుతోంది.

"ఓ పిల్లగా, గీ సైరన్ పొద్దటి సంది బంద్ అయితలేదేంది? మా పోరనికి మూడుసార్లు సద్ది గట్టిన. నాలుగోసారి గడ్తుంటే నన్నే తిట్టిండు!"

"సైరన్ యాడ మోగుతుందవ్వా?"

"అయ్యో, నీకు చెవుడా బిడ్డా?" అని జాలిపడింది.

అంతలో ఫ్యాక్టరీలో రాత్రి షిఫ్టు చేసే ఒకాయన, ముందుజాగ్రత్త సీసా పట్టుకెళ్లినవాడే, రొప్పుకుంటూ వచ్చాడు. "తమ్మీ, సైరన్ ఇని గేటుకాడికి ఉరికిన. వాచ్‌మన్ నవ్వవట్టిండు. నా ఎనుక ఇంకా పదిమంది ఉరికొచ్చిండ్రు!"

మందు ఎక్కువైతే చెవులు గుయ్యిమంటాయని కంపౌండర్ చెప్పిన మాట అప్పుడు గుర్తొచ్చింది. అవ్వ చేతిలోని సీసా చూశాను. గాట్లు నాలుగు! (జ్వరంవాళ్ల చెవులూ మోగే ఉంటాయి, మంచం దిగితే కదా చెప్పడానికి.) కళ్ల ముందు కోటగిరి బస్సు పొగ వదిలింది. కత్తెర, మైదా జిగురు సంచిలో వేసుకుని సైకిలెక్కాను. "ఇయ్యాల తాగకుండ్రి, రేపటి సంది సగమే!" అని అరుస్తూ గల్లీ గల్లీ తిరిగి కొత్త కాగితాలు అంటించాను.

సాయంత్రం తిరిగొచ్చి అంతా చెప్పేశాను. డాక్టర్ సాబ్ తన బల్ల మీది సీసా చూపించాడు. దానికీ నాలుగు గాట్లే! "కోటగిరి ఆఖరి బస్సు పోయినట్టుందిరా, హారన్ ఇనొచ్చింది. ఇగ రేపు పనికి రా" అన్నాడు. అప్పటికి బస్సు ఇంకా బయలుదేరనేలేదు.

ఈ చివరిది మాత్రం అచ్చంగా నా కల్పన. డాక్టర్ సాబ్ ఆ మందు చుక్క కూడా ముట్టే మనిషి కాదు. నేను చెప్పిందంతా విని, నాలుగు గాట్ల సీసా నా చేతిలో పెట్టి "తాగు" అన్నాడంతే. నౌకరి ఉందో ఊడిందో చెప్పలేదు. తెల్లారి, మోగని సైరన్ విని గంట ముందే పోయి దవాఖాన మెట్ల మీద కూర్చున్నాను. ఆయన తలుపు తీసి, నన్ను చూసి, కత్తెర చేతికిచ్చాడు.

ఇప్పుడు ఏ మందూ తాగకుండానే నా చెవులు అప్పుడప్పుడు గుయ్యిమంటాయి. వయసు అంటుంది మా ఇంటావిడ. నేను మాత్రం ఇంకో మడత వేశానా లేదా అని ఆలోచిస్తుంటాను.