ఉత్త బోరు

పోయినేడు చిలమత్తూరు దారిలో మా బస్సు చెడిపోయి ఆగింది. పక్క చేలో ఒక రైతు ఉత్త బోరు గొట్టం మీద అరచేయి పెట్టి నిలబడి ఉన్నాడు. ఏమిటని అడిగితే నన్నూ పెట్టి చూడమన్నాడు. లోపలినుంచి గాలి తన్నుకొస్తోంది.

“ఇది నీళ్లు పడని బోరక్కా. పైన గాలి బరువు తగ్గితే లోపలి గాలి ఇట్ల బయటికొస్తాది. వాన వచ్చేట్టుండాది.”

“మంచిదే కదా?” అన్నాను.

అతను చేనంతా పీకి ఆరబెట్టిన వేరుశనగ చెట్లు చూపించాడు. “పైరుకు కావాల్సినప్పుడు రాలే. ఇప్పుడొస్తే కాయంతా బూజు పడతాది.”

అతనూ భార్యా ఆ చెట్లను గబగబా వామి వేస్తుంటే నేనూ నాలుగు మోపులు అందించాను.

బస్సు కదిలిన కాసేపటికే చినుకులు మొదలయ్యాయి. నేను బస్సెక్కేటప్పటికి సగం చేను అలాగే ఉంది.

“ఎన్ని దినాలకొచ్చినాదక్కా వాన,” అని పక్కసీటామె నవ్వింది. తిరిగి నవ్వాలో వద్దో తెలియక ఆమె మొహమే చూస్తూ కూర్చున్నాను.