ఎడమచేతి కొడవలి

దగ్గరికి జరిగి కూర్చోండమ్మా, చెబుతాను. కాలిన పెనం మీద నీళ్ళు చిలకరిస్తే నాకిప్పటికీ అద్దంకి పక్క మా ఊరి కమ్మరి తాత కొలిమి వాసనే వస్తుంది. నా చిన్నప్పటి మాట, తెల్లారితే జొన్నకోత. ఆ తాత లారీ కమాను పట్టీని ఎర్రగా కాల్చి, సాగగొట్టి, సుయ్‌మని నీళ్ళలో ముంచి, అమ్మకు కొడవలి చేశాడు. తీరా చూస్తే, వంపు లోపలి అంచుకు అందరి కొడవళ్ళకూ ఉండే పక్క కాకుండా రెండో పక్క పదును పెట్టాడు. నేను ఏడుపు అందుకున్నాను.

“తిరగేసి చేశావు తాతా! అమ్మ రేపు కోతకెట్టా పోద్ది?”

“ఓసి పిచ్చిదానా, మీ అమ్మ ఏ చేత్తో కోసుద్దే?”

అమ్మది ఎడమచెయ్యి. అందరిలాంటి కొడవలితో అవస్థపడి, ఎప్పుడూ వరసలో వెనకబడి మాటలు పడేది. మర్నాడు చేలో వెనకనుంచి మా అత్త కేకేసింది: “వదినా, కాస్త ఆగవే, మేమూ మనుషులమే!”

అమ్మ నవ్వుతూ కోస్తూనే ఉంది. చేతికి తగ్గ పనిముట్టు దొరకడం ఎంత సుఖమో నాకు పెద్దయ్యాక తెలిసింది. మీ ఇంట్లో అందరి చేతులకూ ఆ సుఖం దక్కాలి తల్లీ.