సంచిలో అవిసె గింజలు

కుమ్హారిలో లోకల్ రైలెక్కి నా ఎదురుగా కూర్చున్నామె, నేను ఫోన్లో తెలుగు మాట్లాడటం విని పలకరించింది. "ఏటండి, మనోళ్ళేనా?"

ఆమె పేరు సత్యవతి. శ్రీకాకుళం నుంచి భిలాయి స్టీల్ ప్లాంటు పనికొచ్చిన కుటుంబం. ఆమె మాత్రం పొలం కౌలుకు చేస్తోంది. ఒళ్ళో చిన్న సంచి.

"ఈసారి వేసవి వరికి కాలువ నీళ్ళు ఇవ్వమనీసినారండి. వానాకాలం వరి కోసీసినాక చేను బీడే అనుకున్నారు అందరూ. మా ఆయన ఇటుక బట్టీకి ఎల్లిపోనాడు. నేనూరుకోలేదు. ఆ వరి కోతకి ముందే, చేలో బురద ఆరకముందే అవిసెలు చల్లీసినాను."

"మా కృష్ణా జిల్లాలో మినుములు చల్లినట్టే. అందులో వింతేముంది?" అన్నాను, అంతా తెలిసినవాడిలా.

"చల్లడం కాదు బాబూ, కాపాడ్డం కష్టం. ఇక్కడ వరి కోసీగానే ఊరి పశువులన్నీ చేలమీదకి వొదిలీస్తారు. అదే రివాజు!"

"మరెలా కాపాడారు?" అన్నాను. ఆమె పశువుల కాపరి ఇంటికే వెళ్ళి, "భయ్యా, కోతయ్యాక కూడా పశువుల్ని కాయి, పంటలో నీకూ వాటా" అందట. అతను ఒప్పుకున్నాడు. అది చూసి పక్క రైతులూ ధైర్యంగా చల్లారట. ఒక్క తడి పెట్టకుండా అందరికీ పండింది.

భిలాయి-3 స్టేషను రాగానే ఆమె సంచి పట్టుకుని లేచింది. నిండా నిగనిగలాడే అవిసె గింజలు.

"అమ్మడానికా?"

"కాదండి. పండిందని ఫోన్లో చెప్తే మా ఆయన నమ్మట్లేదు. బట్టీకాడ అందరి ముందూ ఆడి దోసిట్లో పోసి, ఇంటికి లాక్కుపోతాను!"