నున్నటి కిటికీ

మా బావ అద్దాల మేస్త్రీ. ఈ ఊళ్లో సగం కిటికీలకు అద్దాలు బిగించింది ఆయనే, యుద్ధం వచ్చాక వాటిని ఊడదీసిందీ ఆయనే. బిగించిన రోజుల్లో అందరూ మేస్త్రీ గారూ అని పిలిచేవాళ్లు. ఊడదీసే రోజులు వచ్చాక వీధి పిల్లలు "బోడికిటికీల తాత" అని పేరు పెట్టారు. ఆ పేరు విని నేను పడీపడీ నవ్వాను. అక్కకు కోపం వచ్చింది. మరదలినన్నాక ఆ మాత్రం నవ్వకపోతే ఎలా? పైగా నవ్వుకు కరువొచ్చిన కాలం, దొరికినచోట నవ్వుకోవాలి.

ఇంటి ముందు గదే బావ దుకాణం, అందులోనే వీధి వైపు నా కుట్టుమిషను ఉంటుంది. వెనక ఆయన బల్ల. దాని మీద పాత దుప్పటి పరిచి ఉంటుంది. గోడకు ఆనించి గాజు పలకలు ఉండేవి. ఇప్పుడు వాటి మీద గోనెసంచులు కప్పి, ముందు ప్లైవుడ్ ముక్కలు పెట్టాడు. బాంబులు పడ్డ మొదటి ఏడు ఊళ్లో గుండు తగిలినవాళ్లకంటే గాజు గుచ్చుకున్నవాళ్లే ఎక్కువ. అందుకని బావ ఇల్లిల్లూ తిరిగి అద్దాలు తీసి, ఆ ఇంట్లోనే మంచం కింద దాయించేవాడు.

తీయడంలో ఆయనకో పట్టుదల. చట్రం అంచుల్లో అద్దాన్ని పట్టి ఉంచే లప్పం ఎండి రాయిలా అయిపోతుంది కదా, దాన్ని వేడి చేసి, మెత్తబడ్డాక చాకు మొనతో మొత్తం గోకేవాడు. అద్దం చేతికొచ్చాక కూడా వదిలేవాడు కాదు. చట్రమంతా గుడ్డతో తుడిచి, వేలితో తడిమి చూసేవాడు.

"పోయే కిటికీకి ఇంత సోకు దేనికి బావా?" అని అడిగాను ఒకసారి.

"ఒక్క రవ్వ మిగిలినా, మళ్లీ బిగించేటప్పుడు అద్దం అక్కడే చీలుతుందే," అన్నాడు.

మళ్లీ బిగించేటప్పుడు. ఆ మాట అనేవాడు ఊరు మొత్తం మీద ఆయన ఒక్కడే ఉండేవాడు.

ఆయన అంత గట్టిగా నమ్మడానికి కారణం ఏటి అవతల ఉంది. ఒక్కతే కూతురు. పెళ్లయి అవతలి పేటలో కాపురం పెట్టింది. వంతెన కూలిన రోజునే ఆ పేట శత్రువుల చేతుల్లోకి పోయింది. అల్లుడు సైన్యంలో చేరి మొదటి చలికాలంలోనే పోయాడు. వంతెన కూలకముందే ఇవతలికి వచ్చేయమని పిల్లకు ఎంతో చెప్పాం. అత్తగారు మంచం పట్టి ఉంది, ఆమెను వదిలి రానంది. వచ్చి ఉంటే అని ఇప్పటికీ నాకు ఒళ్లు మండుతుంది. ఆ మాట పైకి అంటే అక్క ఏడుస్తుంది, అందుకని అనను.

ఆ ఇంటి మేడ మీద ఏటివైపు మూడు పలకల కిటికీ ఉంది. కూతురు కాపురానికి వెళ్లినప్పుడు బావ తన చేత్తో చేసి బిగించిన కిటికీ అది. ఫోనుకు సిగ్నలు ఆ కిటికీ దగ్గరే దొరుకుతుంది. పిల్ల ఎప్పుడైనా పైకి వెళ్లి, అక్కడ నిలబడి, నాలుగు మాటలు మాట్లాడి దిగిపోయేది. ఆ నాలుగు మాటల కోసం మా ముగ్గురికీ కళ్లు కాయలు కాచేవి.

ఎదురుదాడి వస్తుందని రేడియో చాలాకాలంగా ఊదరగొడుతూనే ఉంది. ఒకరోజు పొద్దున్నే ఊరి వెనక గుట్ట మీద నుంచి మన ఫిరంగులు మొదలయ్యాయి. అన్నాళ్లూ మేం విన్నది వచ్చే గుండు చప్పుడు. పోయే గుండు చప్పుడు వేరు. ముందు గుట్ట మీద దభేల్మంటుంది, తర్వాత నెత్తిన ఏదో గుడ్డ చిరిగినట్టు వినిపిస్తుంది, ఆ తర్వాత ఏటి అవతల మోగుతుంది. ఎదురు టీ కొట్టు దగ్గర జనం చప్పట్లు కొట్టారు. రొట్టెల కొట్టావిడ నన్ను పట్టుకుని ముద్దు పెట్టేసుకుంది. నేనూ నవ్వాను. లోపలికి చూస్తే బావ బల్ల పట్టుకుని నిలబడి ఉన్నాడు.

"అవి ఎక్కడ పడుతున్నాయే?" అన్నాడు.

ఎక్కడ పడుతున్నాయో మా ఇంట్లో అందరికీ తెలుసు.

ఆ మధ్యాహ్నం పిల్ల ఫోను చేసింది. అక్క ఏడుపు అందుకుంది గానీ బావ ఫోను లాక్కున్నాడు. "అమ్మా, ముందు ఆ కిటికీ అద్దాలు తీసెయ్. పాత గాజు, పగిలితే కత్తులై వస్తుంది. ఇస్త్రీపెట్టె వేడి చేసి లప్పానికి దగ్గరగా పట్టు. మెత్తబడ్డాక గోకు. తొందరపడకు. అరచేతులు రెండూ ఆనించి లాగు. చట్రంలో రవ్వ కూడా మిగలనివ్వకు, మళ్లీ బిగించేది నేనే." ఇదంతా ఒక్క ఊపిరిలో చెప్పాడు. ఆయన నోట అన్ని మాటలు నేనెప్పుడూ వినలేదు.

రెండోసారి ఫోను చేసినప్పుడు పిల్ల గొంతులో గర్వం వినిపించింది. ఫోను స్పీకరులో పెట్టాం. "నాన్నా, నువ్వు చెప్పినట్టే చేశాను. మూడూ తీసేశాను. ఒక్కటీ పగల్లేదు. బొంతల్లో చుట్టి అత్తయ్య మంచం కింద పెట్టాను. చట్రం నున్నగా ఉంది, నువ్వొచ్చి తడిమి చూసుకో."

"నా తల్లే," అన్నాడు బావ. ఆ సాయంత్రం కడుపునిండా తిన్నాడు. నిజం చెప్పాలంటే ఈ యుద్ధం మొత్తంలో మా ఇంట్లో అదొక్కటే మంచి పూట.

ఆ తర్వాత ఫోను లేదు. రేడియో మాత్రం ఆగలేదు. మనవాళ్లు ఏరు దాటారట, ఒడ్డున కాలు మోపారట, ఇల్లిల్లూ పట్టుకుంటున్నారట. ఊళ్లో జనానికి ప్రాణం లేచొచ్చింది. కిటికీలకు మళ్లీ అద్దాలు పెట్టమని బావ చుట్టూ తిరిగారు. ఒకావిడైతే ప్లైవుడ్ పీకించుకుని వచ్చి కూర్చుంది. బావ ఇంకా తొందరపడవద్దంటూనే, గోనెసంచులు తీసి పలకలు బయట పెట్టాడు.

అలాంటి ఒక పొద్దున కెమెరా ఆయన వచ్చాడు. యుద్ధానికి ముందు పెళ్లిళ్లకు డ్రోన్ ఎగరేసి వీడియోలు తీసేవాడట. ఇప్పుడు సైన్యంలో అదే డ్రోన్ పని. నడివయసు మనిషి, నెమ్మదస్తుడు. ఏటిగట్టు మీద వాళ్లు దిగిన ఇంట్లో కిటికీ అద్దాలు తీయాలి, మేస్త్రీ గారు రావాలి అన్నాడు. బావ చేతిలో పని ఉంది, అది కాగానే వస్తానన్నాడు. నేను టీ తెప్పించాను. బావ ఆ ప్లైవుడ్ ఆవిడ కోసం పలక మీద స్కేలు పెట్టి, కట్టరుతో గీత గీస్తున్నాడు.

"శుభ్రంగా తీసిపెడతాలెండి. రవ్వ కూడా మిగలదు," అన్నాడు బావ.

కెమెరా ఆయన నవ్వాడు. "అంత శుభ్రంగా వద్దు మేస్త్రీ గారూ. అంచుల్లో నాలుగు ముక్కలు ఉంచండి. శుభ్రంగా ఉంటే పైనుంచి డ్రోన్‌తో వాళ్లు కనిపెట్టేస్తారు."

"ఏం కనిపెడతారు?"

"పేలుడుకు పోయిన కిటికీకి అంచుల్లో గాజు పళ్లలాగా మిగులుతుంది కదా. చేత్తో తీసింది నున్నగా ఉంటుంది. తీరిగ్గా కూర్చుని తీసేది ఎవరు? లోపల నుంచి కాల్చడానికి మాటు వేసినవాడే. మేమూ అలాగే పట్టుకుంటాం. నున్నటి కిటికీ కనబడి, వెనక ఎవరో కదిలితే చాలు, ఇంక చూడక్కర్లేదు, ఫిరంగులకు చెప్పేస్తాం."

కర్రుమని చప్పుడైంది. బావ గీసిన గీత స్కేలు వదిలి పక్కకు పోయింది. పలక మూల విరిగి కింద పడింది. ఇన్నేళ్లలో ఆయన గీత తప్పడం నేను చూడలేదు.

"మామూలు మనుషులు కూడా తీసి దాచుకుంటారు కదా బాబూ," అన్నాడు.

"ఈ రోజుల్లో అంత ముచ్చట ఎవరికుందండీ!"

బావ బల్ల చుట్టూ తిరిగి వచ్చి ఆయన చెయ్యి పట్టుకున్నాడు. "మా అమ్మాయి తీసింది. నేనే తీయమన్నాను. అవతలి పేటలో, మెట్లరేవు పైన ఇల్లు. నీలం గోడ. మేడ మీద మూడు పలకల కిటికీ. లోపల ఆడవాళ్లు ఇద్దరే ఉన్నారు. మీవాళ్లకు చెప్పండి బాబూ, ఇప్పుడే చెప్పండి."

కెమెరా ఆయన టీ గ్లాసు కింద పెట్టాడు. నీలం గోడ అన్న తర్వాత ఆయన బావ ముఖంలోకి చూడలేదు. ఇంకో గుర్తు అడగలేదు. "చెబుతాను. తప్పకుండా చెబుతాను," అని లేచి వెళ్లిపోయాడు. అద్దాలు తీసే పని మాట మళ్లీ ఎత్తలేదు. టీ అలాగే ఉండిపోయింది.

"చెబుతాడు కదే?" అన్నాడు బావ.

"చెబుతాడు బావా," అన్నాను. ఆ ముఖం చూశాక అందులో నమ్మకం ఎక్కడిది? అబద్ధమాడాను. అక్కకు మాత్రం చెప్పొద్దని నా చేత ఒట్టు వేయించుకున్నాడు. అద్దాలు తిరిగి పెట్టెయ్యమని చెప్పడానికి పిల్లకు ఫోను చేస్తూనే ఉన్నాడు. బెల్లు కూడా మోగలేదు.

పేట మనది అయిపోయిందని రేడియో చెప్పింది. వీధిలో కేకలు, కౌగిలింతలు, ఎవడో హారను మోగిస్తూ పోయాడు. ఎదురుదాడిలో ఇది తొలి అడుగేనట, ముందుంది అసలు విజయమట. ఆ రేడియో గొంతు పిసికేయాలనిపించింది నాకు. సైన్యం వేసిన తాత్కాలిక వంతెన మీద రొట్టెల బండి వెళుతుంటే, కాళ్లావేళ్లా పడి బావా నేనూ ఎక్కాం.

మెట్లరేవు పైన వీధి చాలావరకు నిలబడే ఉంది. ప్రతి కిటికీకీ అంచుల్లో గాజు ముక్కలు ఉన్నాయి. నీలం గోడ ఇంటికి మాత్రం మేడ లేదు. కింద గదిలో వియ్యపురాలు మంచం మీద ఉంది. పక్కింటివాళ్లు గంజి పోస్తున్నారు. బావను చూసి ఆవిడ చేతులు చాచింది.

"ఫిరంగులు కాస్త ఆగాయి అన్నయ్యా. నాన్నతో ఒక్కమాట మాట్లాడి వస్తాను అత్తయ్యా అని పైకెళ్లింది. అంతే. పెరట్లో పూడ్చిపెట్టారు. ముఖం మీద గీత కూడా లేదన్నారు."

బావ ఏడవలేదు. పెరట్లోకి వెళ్లి మట్టి దగ్గర కూర్చున్నాడు. లేపితే లేచాడు. లోపలికొచ్చి మంచం కిందకు వంగి, బొంతలు బయటికి లాగి విప్పాడు. మూడు పలకలూ ఉన్నాయి. అంచులు వేలితో తడిమాడు. లప్పం ఒక్క రవ్వ కూడా లేదు.

"నీ తప్పు కాదు బావా," అన్నాను. తర్వాత కూడా చాలాసార్లు అన్నాను. ఎవరి తప్పు అని ఆయన తిరిగి అడగలేదు. కాల్చింది మనవాళ్లే. చూసి చెప్పింది ఆ నెమ్మదస్తుడే కావచ్చు. తీయమన్నది కన్నతండ్రి.

వియ్యపురాలినీ ఆ పలకలనూ ఇంటికి తెచ్చుకున్నాం. పలకలు ముందు గదిలో గోడకు ఆనించి ఉన్నాయి. పలకరించడానికి జనం వస్తున్నారు. గుట్ట మీద ఫిరంగులు ఇప్పుడు ఇంకా దూరానికి కొడుతున్నాయి. అక్క ఏడ్చి ఏడ్చి, చివరికి ఒక మాట పట్టుకుంది. వచ్చినవాళ్లందరికీ అదే చెబుతోంది.

"అద్దాలు తీసెయ్యమని ఈయన ముందే చెప్పారు కాబట్టి సరిపోయింది. లేకపోతే ఆ గాజు పిల్లను చీల్చేసేది. గీత కూడా పడలేదట ముఖం మీద. అంత శుభ్రంగా తీసిందట, చూడండి, ఎక్కడా చిన్న పెచ్చు కూడా ఊడలేదు. ఏవండీ, మీరేగా నేర్పారు? చెప్పండి వీళ్లకు."

నేను మిషను మీద తల వంచేసుకున్నాను.

"అవును," అన్నాడు బావ. "నేనే నేర్పాను."