టెస్టు నడవని డబ్బాకు పసుపు లైటు

దయ్యాలు, దేవరలు అంటే నేను నవ్వెటోన్ని. మా అవ్వ ఎవరికి జ్వరమొచ్చినా ఉప్పు, మిరపకాయలు తిప్పి పొయ్యిల వేసేది. ఘాటు రాకుంటే దిష్టి తగిలినట్టేనట. "మిరపకాయలు పాతవైతే గూడ ఘాటు రాదే అవ్వా" అని ఏడిపించెటోన్ని. మిషన్ల పని నాది. ప్రతిదానికి ఏదో ఒక కారణముంటదనే నమ్మకం మీదనే నా బువ్వ నడుస్తది.

ఇది నిరుడు చలికాలంల బాన్సువాడ దవాఖానల జరిగింది. పట్టపగలు, చుట్టు మనుషులుండంగ.

హైదరాబాద్‌ల మాదొక చిన్న కంపెనీ. నెలలు నిండక పుట్టిన పిల్లల ఒంటి వేడి చూసే డబ్బాలు చేస్తం. పిల్ల పొట్టకు సన్న వైరు అంటిస్తరు, డబ్బా మీద అంకె కనబడ్తది. డబ్బా లోపల అన్నిటికన్న అడుగున ఉండే ప్రోగ్రాంను కెర్నల్ అంటరు. వైరు నుంచి వచ్చే అంకెను ముందు పట్టుకునేది అదే. దాన్ని పరీక్ష చేసేటప్పుడు మేం కావాలనే దొంగ అంకెలు ఇస్తం. ఒక్కసారి గట్ల టెస్టు కోడు నడిచిందంటే కెర్నల్ తనకు తానే ఒక గుర్తు పెట్టుకుంటది. నా లోపల టెస్టు నడిచింది, ఇగ నా మాట నమ్మకుండ్రి అని. ఆ గుర్తు చెరిపితే చెరగదు. మిషన్ బంద్ చేసి మళ్ళ ఆన్ చేస్తెనే పోతది.

మా నాయిన నస్రుల్లాబాద్ కాడ రైసుమిల్లుల హమాలి. శాంపిల్‌కు గొట్టం గుచ్చిన బస్తా మీద వాళ్ళు ఎర్రసుద్దతోటి గీత గీస్తరు, మంచి బస్తాలల్ల కలవకుండ. ఇది గూడ అట్లాంటిదే.

నాతోటి పనిచేసే మోహనన్నది వర్ని ఊరు. గుర్తు పడంగనే డబ్బా ముందట పసుపు లైటు వెలగాలని పట్టుబట్టిండు. దవాఖానకు పొయ్యే డబ్బాల అసలు టెస్టు కోడే పెట్టం. "మరి లైటెందుకన్నా, దండుగ" అన్న. "ఉండనియ్ తమ్మీ, తింటదా తాగుతదా" అన్నడు.

మా లావణ్యక్కకు పెండ్లైన తొమ్మిదేండ్లకు బిడ్డ పుట్టింది. ఏడో నెలల. కిలోన్నర గూడ లేదు. డాక్టర్ సార్‌ను బతిమిలాడి పిల్ల కాడ మా డబ్బానే పెట్టించిన. పిల్లను వెచ్చగ ఉంచే వార్మర్ వేడి పెంచాల్నన్నా, తగ్గించాల్నన్నా దాని అంకె చూసే. "మా తమ్ముడు చేసిన మిషన్" అని అక్క వచ్చినోళ్ళకల్ల చెప్పుకున్నది.

నాలుగో రోజు పొద్దుగాల పదకొండు గంటలకు పసుపు లైటు వెలిగింది.

ల్యాప్‌టాప్ తగిలించి చూసిన. గుర్తు కాడ 262144 అని ఉన్నది. ఆ అంకెకు ఒక్కటే అర్థం, టెస్టు నడిచింది. కని అండ్ల టెస్టు కోడు లేదు. దాన్ని తీసేసి డబ్బా తయారుచేసింది నేనే.

సార్ చూస్తె డబ్బా తీసేయమంటడు. అక్క ముంగట ఇజ్జత్ పోతది. అప్పుడు నా బుర్రల ఇదే తిరిగింది. బంద్ చేసి ఆన్ చేసిన. లైటు పోయింది, అంకె 36.8 వచ్చింది. ఐదారు నిమిషాలకు మళ్ళ వెలిగింది. మళ్ళ బంద్ చేసిన. మళ్ళ వెలిగింది. మూడుసార్లు. నడుమ నడుమ కోడంత ఎతికిన. "నీకు దండం పెడ్త, ఆరిపోవే" అని డబ్బాతోటి మాట్లాడిన, దేన్నీ నమ్మనోన్ని. నలభై నిమిషాలల్ల ఒక్కసారన్న పిల్ల దిక్కు చూడలే.

నాలుగోసారి వెలిగినప్పుడు నర్సు సుజాత వచ్చింది. పక్క తండా అమ్మాయి.

"అన్నా, గా లైటేంది?"

"ఏం లేదమ్మా, ఈ అంకె నమ్మొద్దని..." అన్న. అనుకుంట నేనే ఆగిపోయిన.

ఆమె డబ్బాను చూడలే. పిల్ల కాళ్ళు పట్టుకున్నది. "అయ్యో, గింత సల్లగున్నయేందన్నా! సార్‌ను పిలువుండ్రి జల్ది!"

థర్మామీటర్ పెడితే ముప్పై నాలుగు గూడ లేదు. పిల్ల ఏడుస్తలేదు, కదులుతలేదు. డబ్బా మీద మాత్రం 36.8 అట్లనే ఉన్నది. వార్మర్ వేడి పెంచిండ్రు, పిల్లను అక్క ఎదకు కట్టిండ్రు. నేను బయట మెట్ల మీద కూలబడి ఏడ్చిన. సాయంత్రానికి పిల్ల కళ్ళు తెరిచింది. ఇంకో గంటైతే దక్కకపోవునని సార్ అన్నడు.

వైరు లోపల తెగింది. వైరు నుంచి అంకె రాకుంటే పాత అంకెనే చూపెట్టేటట్టు, బంద్ చేసి ఆన్ చేసినా అదే చూపెట్టేటట్టు ఉన్నది నా ప్రోగ్రాం. అది నా తప్పే, దానికి కారణముంది. కని లైటుకు లేదు. తెగిన వైరుకు ఆ గుర్తుకు సంబంధమే లేదు.

మోహనన్న వచ్చి రెండు రోజులు డబ్బా ముందటేసుకొని కూసున్నడు. గుర్తు పెట్టే టెస్టు అండ్ల ఒక్కటి గూడ దొరకలే. ఆ గుర్తును చేతితోటి గూడ పెట్టొచ్చు, కని పాస్‌వర్డ్ నా ఒక్కని దగ్గరే ఉన్నది, డబ్బాకు నెట్ లేదు. "నాకు సమజైతలేదు తమ్మీ" అన్నడు. మూడుసార్లు బంద్ చేసినట్టు డబ్బా రాసిపెట్టుకున్న రికార్డుల ఆయనకు కనబడ్డది. నా మొఖం చూసిండు, ఎవ్వరికి చెప్పలే.

ఆ డబ్బా ఇప్పటికి నా బల్ల మీదనే ఉన్నది. ఏడాది సంది నడిపిస్తున్న. వైరు తెంపి చూసిన, వేడి చేసి చూసిన. ఒక్కసారి గూడ ఆ లైటు వెలగలే.

పిల్ల ఇప్పుడు గోడ పట్టుకొని నడుస్తుంది. పొయ్యినప్పుడల్ల ముందు దాని కాళ్ళు పట్టి చూస్త. "మా తమ్ముని మిషనే లైటేసి నా బిడ్డను కాపాడింది" అని అక్క ఇప్పటికీ అందరికి చెప్తది. నేను తల వంచుకొని చాయ్ తాగుత.

సుజాత లోపలికొచ్చినప్పుడు నా వేలు స్విచ్ మీదనే ఉండె. నాలుగోసారి గూడ బంద్ చేద్దామనే. ఆ ముచ్చట అక్కకు ఇంక చెప్పలే.